రోహిణి కార్తెలో 4.2 గిగాహెర్ట్జ్: ఇంటెల్ ఐ5-2500కె సమీక్ష

ముందే తీర్పు చెప్పేస్తాను. మీ దగ్గర ఇప్పటికే ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్ ఉంటే దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. ప్రాసెసర్‌ను చల్లబరిచే మంచి కూలర్ ఒకటి బిగించి, వేగాన్ని 4.2 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లి, అక్కడ ఆగండి. ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం, మొదటిసారి నేర్చుకునేవారికి ఇంతకంటే ఓర్పున్న ప్రాసెసర్ నాకు తారసపడలేదు. ఇప్పుడు కొత్తగా కొనాలనుకునేవారికి మాత్రం నా సమాధానం వేరు. దాని గురించి కింద రాశాను.

మాది తెనాలి. పెళ్లి వీడియోలు, ఆల్బములు చేయడం నా వృత్తి. మేడ మీద గదిలో పని. ఏసీ లేదు, పడమటి గోడకు సాయంత్రం దాకా ఎండ కొడుతుంది. ఈ ప్రాసెసర్‌నూ, దాని జెడ్68 మదర్‌బోర్డునూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాతవే కొన్నాను. ఏళ్ల తరబడి ఇదే నా ప్రధాన కంప్యూటర్. ఇప్పుడు రెండో బల్ల మీదకు మారింది. గుంటూరులో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు సెలవుల్లో వచ్చి దీని మీదే ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు. వాడి చేత అన్నీ మొదటి నుంచి చేయించినప్పుడు, కొత్తవాళ్లకు ఏది చెప్పాలో, ఏది చెప్పనక్కర్లేదో నాకు స్పష్టమైంది. అందుకే ఇంత పాత ప్రాసెసర్‌కు ఇప్పుడు సమీక్ష రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. దీని గురించి దొరికే సలహాల్లో చాలావరకు 20, 22 డిగ్రీల చల్లని గదుల్లో కూర్చున్నవాళ్లు రాసినవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. రెంటచింతల పేరు వార్తల్లోకి ఎక్కే ఆ రోజుల్లో నా గదిలో ఫ్యాను కింద కూడా 37 డిగ్రీలు ఉంటుంది. అక్కడివాళ్ల అంకెల్ని యథాతథంగా ఇక్కడ పెట్టుకుంటే ఆ తేడా అంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. కాబట్టి ఈ సమీక్ష మొత్తాన్నీ మే నెలను ఎదురుగా పెట్టుకుని రాశాను.

2500కె 2011 జనవరిలో విడుదలైంది. శాండీ బ్రిడ్జ్ తరం, 32 నానోమీటర్లు, నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 6 ఎంబీ క్యాష్, 95 వాట్లు. మామూలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. ఒక్క కోరు మీదే పని ఉంటే టర్బోలో 3.7 దాకా వెళుతుంది. నాలుగు కోర్లూ ఒకేసారి కష్టపడుతుంటే మాత్రం 3.4 దగ్గరే ఆగుతుంది. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోండి. వీడియో ఎక్స్‌పోర్టు చేసేటప్పుడు పెట్టె మీది 3.7తో మనకు పని లేదు, మన చేతికి వచ్చేది 3.4 మాత్రమే. అందుకే 4.2 అన్నది వినడానికి చిన్నగా ఉన్నా, నిజానికి నాలుగో వంతుకు కాస్త తక్కువగా అదనపు వేగం.

దీని వేగం ఒక గుణకారం. మూల గడియారం 100 మెగాహెర్ట్జ్, దాన్ని మల్టిప్లయర్ అనే అంకెతో హెచ్చించాలి. 34 పెడితే 3.4, 42 పెడితే 4.2. అంతకు ముందు తరాల్లో చాలామంది మూల గడియారాన్నే పెంచేవారు. దానితోపాటు మెమరీ వేగం, మరికొన్ని లంకెలు కూడా కదిలేవి, ఒకదాన్ని సర్దితే ఇంకొకటి చెడేది. శాండీ బ్రిడ్జ్‌లో మూల గడియారం చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది ప్రధాన నియంత్రణ చిప్) లోపలికి వెళ్లిపోయింది. గ్రాఫిక్స్ కార్డు స్లాటు, హార్డ్ డిస్కు పోర్టులు కూడా దాని మీదే ఆధారపడ్డాయి. 100ను 105 దాటిస్తే ప్రాసెసర్ కంటే ముందు మిగతావి తడబడతాయి. అందుకని ఇంటెల్ చివర కె అక్షరం ఉన్నవాటికి మాత్రమే మల్టిప్లయర్‌ను పూర్తిగా వదిలిపెట్టింది. అప్పట్లో దీన్ని చాలామంది తిట్టుకున్నారు, వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కానీ కొత్తగా నేర్చుకునేవాడికి ఇదే వరమైంది. ఒక అంకె మారిస్తే ఒకే ఒక్క సంగతి మారుతుంది, ఫలితం కళ్లెదుట కనిపిస్తుంది. మా వాడికి నేను పెట్టిన మొదటి నియమం అదే: 100ను ముట్టుకోకూడదు.

రెండో వరం లోపల ఉంది, కంటికి కనిపించదు. పైన మెరిసే లోహపు మూతకూ లోపలి సిలికాన్ ముక్కకూ మధ్య ఇంటెల్ దీనికి టంకం వేసింది. 2012లో వచ్చిన ఐ5-3570కె దగ్గరికి వచ్చేసరికి టంకం పోయి, వేడిని చేరవేసే పేస్టు వచ్చింది. ఆ ప్రాసెసర్ మామూలు వేగంలో చురుకైనదే, కరెంటు కూడా తక్కువ తింటుంది. వోల్టేజి పెంచడం మొదలుపెట్టగానే మాత్రం వేడి బయటికి రావడానికి మొరాయిస్తుంది. 2500కెలో లోపలి వేడి సాఫీగా మూతకూ, అక్కడి నుంచి కూలరుకూ చేరుతుంది. మన వాతావరణంలో ఉండేవాళ్లకు ఈ ఒక్క తేడా చాలు, దీన్నే నేను మెచ్చుకోవడానికి.

ఇప్పుడు బోర్డు సంగతి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ప్రాసెసర్ చివర కె ఉన్నంత మాత్రాన సరిపోదు, బోర్డు కూడా ఒప్పుకోవాలి. పీ67, జెడ్68, జెడ్77 చిప్‌సెట్లు ఉన్న బోర్డులు కావాలి. బజారులో తేలిగ్గా, చవకగా, కొత్త పెట్టెల్లో సైతం దొరికేవి హెచ్61 బోర్డులు. 2500కె వాటిలో చక్కగా పనిచేస్తుంది, కానీ మల్టిప్లయర్ పెంచడానికి వీలుండదు. మా ఊరి కుర్రాడొకడికి ఒక దుకాణంలో "ఓవర్‌క్లాకింగ్ సెట్" అని చెప్పి హెచ్61 బోర్డుతో జతచేసి అమ్మారు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు అమరికల తెరలో, ఆ అంకె కోసం వెతికి వెతికి నా దగ్గరికి వచ్చాడు. లేనిది ఎలా దొరుకుతుంది? పీ67 తీసుకునేవారు ఇంకో సంగతి చూడాలి. 2011 జనవరి చివరలో ఆ తరం చిప్‌సెట్‌లో లోపం ఉందని ఇంటెల్ స్వయంగా ప్రకటించి సరఫరా ఆపింది. డిస్కులు తగిలించే కొన్ని సాటా పోర్టులు కాలక్రమంలో బలహీనపడే లోపం అది. సరిదిద్దిన బోర్డులకు బీ3 అని గుర్తు ఉంటుంది. బీ3 లేని పీ67 బోర్డు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. జెడ్68 ఆ తర్వాత వచ్చింది కాబట్టి ఆ బెంగ లేదు.

కూలర్ విషయంలో నా ఎంపిక కూలర్ మాస్టర్ హైపర్ 212 ఈవో. నాలుగు రాగి గొట్టాలు నేరుగా ప్రాసెసర్ మూతను తాకుతాయి, పక్కన 120 మిల్లీమీటర్ల ఫ్యాను. దీని ఎత్తు 159 మిల్లీమీటర్లు, కొనే ముందు మీ క్యాబినెట్ వెడల్పు కొలుచుకోండి. సన్నటి క్యాబినెట్‌లో పక్క తలుపు మూసుకోదు. దీన్ని బిగించడం ఓపికతో కూడిన పని అని ఒప్పుకోవాలి. బోర్డు వెనక ప్లేటు పెట్టాలి కాబట్టి చాలా క్యాబినెట్లలో బోర్డును బయటికి తీయక తప్పదు. ఎక్స్ ఆకారపు పట్టీని నాలుగు మూలలా కొంచెం కొంచెంగా, ఎదురెదురు స్క్రూలను వరసగా తిప్పుతూ బిగించాలి. గొట్టాల మధ్య సన్నని సందులు ఉంటాయి. పేస్టును ఒకే చుక్కగా మధ్యలో పెట్టకుండా, మొదట ఆ సందుల్లో పల్చగా నింపి తర్వాత బిగిస్తే నాకు మంచి ఫలితం వచ్చింది. ఒకసారి బిగించాక కదలదు. ఇంటెల్ ఇచ్చే అల్యూమినియం కూలర్ ప్లాస్టిక్ పిన్నులు ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతాయి, ఒక పిన్ను లేచినా వేడి అమాంతం పెరుగుతుంది. ఆ కూలరుతో ఓవర్‌క్లాకింగ్ ఆలోచన పూర్తిగా మానుకోండి. మే నెలలో మామూలు వేగానికే అది నా గదిలో ఆపసోపాలు పడేది.

బయోస్ తెరవడానికి ముందు చేయించిన పనులు చెబుతాను, ఎందుకంటే భద్రత అంటే సగం ఇదే. దుమ్మంతా ఊదించాం. పాత పేస్టు ఎండి పెళుసుబారి ఉంది, తుడిచి కొత్తది పూశాం. ప్రాసెసర్ సాకెట్ చుట్టూ ఉన్న కెపాసిటర్లను టార్చితో చూశాం. ఒక్కటి పైన ఉబ్బి కనిపించినా ఆ బోర్డు ఓవర్‌క్లాకింగ్‌కు పనికిరాదు. పవర్ సప్లయి ఏ కంపెనీదో, ఎంత పాతదో చూశాం. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన పేరు లేని పవర్ సప్లయి ఉంటే ముందు దాన్ని మార్చండి, ఆ తర్వాతే మిగతావి. 600 వీఏ యూపీఎస్ వాడేవారు అది ఇచ్చేది దాదాపు 360 వాట్లేనని గుర్తుంచుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంటే కరెంటు పోయిన క్షణంలో మొత్తం ఆగిపోవచ్చు. పెళ్లి ఫుటేజీ అంతా వేరే డిస్కులోకి ఎక్కించాం. చివరగా, బయోస్‌ను మొదటికి తెచ్చే జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న ముక్క) బోర్డు మీద ఎక్కడుందో వాడి చేతే వెతికించాను. అంకె మరీ ఎక్కువై కంప్యూటర్ తెర వెలగకపోతే కరెంటు తీసేసి ఆ జంపర్ వాడటమో, గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ కాసేపు తీసి పెట్టడమో చేస్తే అన్నీ మొదటి స్థితికి వస్తాయి. ఈ దారి తెలిసినవాడికి భయం ఉండదు, భయం లేనివాడు తొందరపడడు.

ఏదీ మార్చకుండా మొదట మామూలు వేగంలో పరీక్ష పెట్టాం. ఉష్ణోగ్రతలకు హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో, భారం వేయడానికి ప్రైమ్95. ప్రైమ్95 అసలు మెర్సెన్ ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి తయారైన ప్రోగ్రాం. దాని లెక్క ఒక్క అంకె తప్పినా తనే పట్టుకుని చెబుతుంది కాబట్టి ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లందరికీ గీటురాయి అయింది. అందులో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ అనే పరీక్ష అన్నింటికంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. రోజువారీ ఏ పనిలోనూ ప్రాసెసర్ అంత వేడెక్కదు. అదే నా కొలబద్ద.

తర్వాత మల్టిప్లయర్ 38. వోల్టేజిని బోర్డుకు వదిలేయకుండా మనమే పెట్టాలి. ఆటోలో ఉంచితే వేగం పెరిగేకొద్దీ చాలా బోర్డులు అవసరానికి మించి వోల్టేజి గుమ్మరిస్తాయి, యంత్రం నిలకడగానే ఉంటుంది కాబట్టి మనకు తెలియనే తెలియదు. నా ప్రాసెసర్ మామూలు వేగంలో పూర్తి భారం మీద 1.20 వోల్టులు తీసుకుంటుంది. ఆ అంకె మీదే 38, 39, 40 దాకా ఒక్కో మెట్టు ఎక్కాం. మెట్టు మెట్టుకూ ప్రైమ్95 కొద్దిసేపు నడపడం, గరిష్ఠ ఉష్ణోగ్రతను నోటుపుస్తకంలో రాయడం, మళ్లీ బయోస్. నాలుగు గిగాహెర్ట్జ్ దాకా ఈ ప్రాసెసర్ అదనంగా ఏమీ అడగలేదు. 41లో ప్రైమ్95లో ఒక కోరు లెక్క తప్పి ఆగిపోయింది. అప్పుడు వోల్టేజి 0.01 చొప్పున పెంచడం మొదలైంది. 4.2 దగ్గర 1.25కి వచ్చేసరికి రాత్రంతా నడిచినా ఒక్క తప్పూ లేదు.

ప్రతి ప్రాసెసర్ ముక్కా ఒకేలా ఉండదు. మీ 2500కె 1.22తోనే 4.2 చేరవచ్చు, 1.29 అడగవచ్చు. 1.30 దాటితే మాత్రం 4.1 చాలని ఆగిపోమంటాను.

అక్కడ మా వాడు అడిగాడు: "మామయ్యా, నెట్‌లో అందరూ 4.5, 4.6 పెట్టుకుంటున్నారు కదా. మనం 4.2లో ఆగడం దేనికి?"

"కాగితం తీసుకో, లెక్క వేద్దాం" అన్నాను. ఈ లెక్క చదివేవారు కూడా వేసుకుంటే మంచిది, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. ప్రాసెసర్ పుట్టించే వేడి వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజితో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. 3.4 నుంచి 4.2కి వేగం 1.235 రెట్లు. వోల్టేజి 1.20 నుంచి 1.25కి, దాని వర్గం 1.085 రెట్లు. రెండూ హెచ్చిస్తే 1.34. అంటే మూడో వంతు అదనపు వేడితో నాలుగో వంతుకు దగ్గరగా అదనపు వేగం వచ్చింది. మంచి బేరమే. ఇప్పుడు 4.6 చూద్దాం. నా ముక్క దానికి 1.38 వోల్టులు అడుగుతుంది. వేగం 1.353 రెట్లు, వోల్టేజి వర్గం 1.32 రెట్లు, మొత్తం 1.79. అంటే 4.2 నుంచి 4.6కి వెళ్లడానికి, అంటే పదో వంతు కూడా లేని వేగం కోసం, ఉన్న వేడి మీద మళ్లీ మూడో వంతు వేడి పెంచుకోవాలి.

దీన్ని ఉష్ణోగ్రతలోకి మారుద్దాం. గాలితో చల్లబరిచే కూలర్ ప్రాసెసర్‌ను గది కంటే చల్లగా ఉంచలేదు. అది చేయగలిగిందల్లా గది ఉష్ణోగ్రతకు మించి ఎంత ఎక్కువ ఉండాలో అదుపులో పెట్టడమే. 4.2 దగ్గర, స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్షలో, హైపర్ 212 ఈవోతో నాకు ఆ తేడా 38 డిగ్రీలు. జనవరి రాత్రి గది 24 ఉంటే ప్రాసెసర్ 62. రోహిణి కార్తెలో గది 37 ఉంటే 75. 4.6 దగ్గర ఆ తేడా దాదాపు 51కి చేరుతుంది. జనవరిలో అది 75 చూపిస్తుంది, ఎవరికైనా బాగానే అనిపిస్తుంది. అదే అమరికతో మే నెల వస్తే 88. ఈ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునే హద్దు 98. క్యాబినెట్‌లో దుమ్ము పేరుకున్నా, పేస్టు కాస్త ఎండినా ఆ పది డిగ్రీల ఎడం ఎటుపోయిందో తెలియదు. చలికాలంలో అమర్చి ఎండాకాలంలో ఇబ్బంది పడేవాళ్ల కథ అంతా ఈ కూడికలోనే ఉంది.

అందుకే నా పద్ధతి ఇది. ఏ నెలలో చేసినా, మీ గదిలో అత్యంత వేడి మధ్యాహ్నం ఎన్ని డిగ్రీలు ఉంటుందో ఆ అంకెను తీసుకోండి. ఇప్పుడు కనిపిస్తున్న తేడాను దానికి కలపండి. అది 80 దాటితే ఒక మెట్టు దిగండి. చేతనైతే అసలు పరీక్షను మేలోనే పెట్టండి, మధ్యాహ్నం రెండింటికి. ఆ గంటను దాటిన అమరిక మిగతా పదకొండు నెలలూ అడగకుండా పనిచేస్తుంది. ఏసీ గదిలో పరీక్షించి, కరెంటు కోతలో ఇన్వర్టర్ మీద ఫ్యానుతో పనిచేసేవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

లెక్క పూర్తయ్యాక మా వాడు ఇంకేమీ అడగలేదు. 4.6 గీసి కొట్టేశాడు.

రాత్రంతా ప్రైమ్95 దాటితే పని అయిపోయిందనుకోకండి. తర్వాతి వారాల్లో విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హెచ్చరికలు చూస్తూ ఉండాలి. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో, 19 అనే అంకెతో హెచ్చరిక కనిపిస్తే ప్రాసెసర్ లోపల చిన్న తప్పు జరిగి, తనే సరిదిద్దుకుందని అర్థం. తెర మీద ఏమీ కనిపించదు, పని ఆగదు. కానీ వోల్టేజి అంచు మీద ఉందని ప్రాసెసర్ మర్యాదగా చెబుతున్న మాట అది. 0.01 పెంచండి, లేదా ఒక మెట్టు దిగండి. దాన్ని పట్టించుకోకపోతే ఏదో ఒకరోజు 0x124 అంకెతో బ్లూ స్క్రీన్ వస్తుంది, అదీ తలంబ్రాల ఘట్టం ఎక్స్‌పోర్టు అవుతున్నప్పుడే. 0x101 కనిపించినా చాలాసార్లు కారణం వోల్టేజి చాలకపోవడమే.

నిలకడ కుదిరాక వోల్టేజిని స్థిరమైన అంకె నుంచి, వేగాన్ని బట్టి మారే ఆఫ్‌సెట్ పద్ధతికి మార్చాం. స్పీడ్‌స్టెప్, సీ1ఈ అనే రెండు అమరికల్ని ఆన్‌లోనే ఉంచాం. వాటిని ఆపేయమని కొన్ని పాత సలహాల్లో ఉంటుంది, 4.2 లాంటి మోస్తరు వేగానికి ఆ అవసరం లేదు. ఆన్‌లో ఉంటే పని లేనప్పుడు ప్రాసెసర్ 1.6 గిగాహెర్ట్జ్‌కు దిగి, వోల్టేజి తగ్గించుకుని విశ్రాంతి తీసుకుంటుంది. రోజులో సగం సేపు టైమ్‌లైన్ చూస్తూ ఆలోచించే ఎడిటర్‌కు ఇది కరెంటు బిల్లులోనూ, ముక్క ఆయుష్షులోనూ కలిసొచ్చే సంగతి. ఇంటర్నల్ పీఎల్‌ఎల్ ఓవర్‌వోల్టేజ్ అనేది ఇంకా పై వేగాలకు సంబంధించినది, దాన్ని ఆపి ఉంచండి. ఆన్ చేస్తే కొన్ని బోర్డుల్లో స్లీప్ నుంచి లేవదు. భారం పడినప్పుడు వోల్టేజి జారకుండా చూసే లోడ్ లైన్ క్యాలిబ్రేషన్ మధ్యస్థంగా చాలు. మెమరీని ఈ పనిలో కలపొద్దు, తర్వాత వేరుగా చూసుకోండి.

ఫలితం ఏమిటంటే, గంట పట్టే ఎక్స్‌పోర్టు ఇప్పుడు యాభై నిమిషాల లోపు అవుతోంది. లెక్క ప్రకారం ఎంత రావాలో దాదాపు అంతే వచ్చింది. ఆల్బమ్ పేజీల్లో ఫిల్టర్లు వేసేటప్పుడు చేతికి తెలిసేంత చురుకుదనం వచ్చింది. పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గర దగ్గరగా పడిన మాఘంలో రోజుకు ఒక ఎక్స్‌పోర్టు అదనంగా పూర్తవడం నాకు చిన్న విషయం కాదు. అదీ ప్రాసెసర్ మీద రూపాయి పెట్టకుండా, ఒక్క కూలర్ ఖర్చుతో.

ఈ ముక్క చేయలేనివి కూడా ఉన్నాయి, అవి ఎంత వోల్టేజి ఇచ్చినా రావు. ఏవీఎక్స్2 ఆదేశాలు దీనికి తెలియవు, అవి 2013లో హాస్వెల్‌తో వచ్చాయి. వాటిని తప్పనిసరి చేసిన సాఫ్ట్‌వేర్ ఇందులో తెరుచుకోదు. వీడియోను వేగంగా మార్చడానికి దీనిలో ఉన్న క్విక్ సింక్ అనే ఏర్పాటు హెచ్.264 అనే పాత వీడియో ఫార్మాట్ దాకానే. పెళ్లికి వచ్చిన బంధువులు ఫోనులో తీసి పంపే హెచ్‌ఈవీసీ అనే కొత్త ఫార్మాట్ క్లిప్పులు టైమ్‌లైన్ మీద పెడితే, గ్రాఫిక్స్ కార్డు సాయం లేకపోతే నాలుగు కోర్లూ అలసిపోతాయి. వాటిని ముందు వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవడమే దారి. నాలుగే థ్రెడ్లు కావడంతో ఎక్స్‌పోర్టు నడుస్తుండగా ఇంకో పని పెట్టుకోలేం. విండోస్ 11 జాబితాలో దీనికి చోటు లేదు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నేను ఈ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేశాను. ఫుటేజీ కార్డుల్లో వస్తుంది, పూర్తయిన పని డిస్కులో వెళుతుంది. నెట్ కావలసినవారు లినక్స్ వేసుకోవచ్చు, అది దీని మీద హాయిగా నడుస్తుంది.

కొత్తగా కొనేవారికి నేను వేరే సమాధానం చెప్పడానికి కారణం ఇవే. ప్రాసెసర్, జెడ్68 బోర్డు, డీడీఆర్3 మెమరీ, కూలర్ అన్నీ విడివిడిగా పోగుచేసేసరికి ఖర్చు చేరుకునే చోటు 2022లో వచ్చిన ఐ3-12100కు ఎంతో దూరంలో ఉండదు. ఆ చిన్న ఐ3 ఏ ఓవర్‌క్లాకింగూ లేకుండా, పెట్టెలోంచి తీసి పెట్టినట్టే, 4.2లో నడిచే 2500కెను స్పష్టంగా దాటిపోతుంది. పని కోసమే కొనేవారు అటు వెళ్లండి. ఇంట్లో ఇప్పటికే పీ67, జెడ్68 లేదా జెడ్77 బోర్డు ఉండి, అందులో ఐ3 లేదా కె లేని ఐ5 ఉన్నవారికి మాత్రం పాత 2500కె ఒకటి వెతికి తెచ్చుకోవడం ఇప్పటికీ లాభమే.

అలా వెతికేవారికి దుకాణంలో చూడవలసినవి చెబుతాను. మూత మీద ఎస్‌ఆర్008 అని చెక్కి ఉండాలి, 2500కె గుర్తు అది. ఎస్‌ఆర్00టి ఉంటే కె లేని 2500, మల్టిప్లయర్ పూర్తిగా తెరుచుకోదు. అక్షరాలు అరిగిపోయి ఉంటే ఒక కంప్యూటర్‌లో పెట్టించి సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో పేరు చూపించమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, మంచి దుకాణదారులు వద్దనరు. ముక్క అడుగున బంగారు చుక్కల మీద కాలిన మచ్చలు ఉండకూడదు. బోర్డు కూడా తీసుకుంటుంటే సాకెట్ మూత తెరిపించి, ఫోను లైటును పక్క నుంచి వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే వైపు వాలి, ఒకే మెరుపు ఇవ్వాలి. ఎక్కడైనా ఒక్క చోట ఆ మెరుపు తెగి కనిపిస్తే పిన్ను వంగిందని అర్థం, ఆ బోర్డు తీసుకోకండి.